రీఫ్ ట్యాంకులో లైటు కొలత తేడాగా వస్తోందా? ముందు మీటరు సంగతి చూడండి (సమస్య - పరిష్కారం)

రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, కోరల్ తెల్లబడుతోంది అనగానే చెయ్యి నేరుగా లైటును నడిపే యాప్ మీదికి పోతుంది. దయచేసి ఆగండి. మీరు నమ్ముతున్న అంకె సరైనదో కాదో ముందు తేల్చుకోండి. డాలస్‌లో మా ఇంటి ట్యాంకులో నేను తప్పు అంకె పట్టుకుని లైటు పెంచేశాను, ఎర్రగా నిగనిగలాడే మాంటిపోరా అనే కోరల్ రెండు వారాల్లో ఎముకలా తెల్లబడిపోయింది. ఆ బాధ ఇంకెవరికీ వద్దు.

మీటరు తక్కువ చూపిస్తోంది, కోరల్ మాత్రం తెల్లబడుతోంది

నాకు జరిగింది ఇదే. నేను వాడింది లక్స్ మీటరు. లక్స్ అంటే మనిషి కంటికి వెలుతురు ఎంత కనిపిస్తుందో చెప్పే కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది. 450 దగ్గరి నీలానికి వచ్చేసరికి ఆ స్పందన నాలుగు శాతం కూడా ఉండదు. రీఫ్ ఎల్ఈడీలు కుమ్మరించేది ఎక్కువగా ఆ నీలమే, కోరల్ ఒంట్లో కాపురముండే జూజాంతెల్లే పాచి బాగా వాడుకునేదీ అదే. కాబట్టి మీటరు ‘లైటు చాలదు’ అంటున్న చోట కోరల్ తట్టుకోలేనంత లైటు పడుతూ ఉండొచ్చు.

పరిష్కారం ఒక్కటే, పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి) మీటరు. ఇది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతిని చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ అని లెక్కపెడుతుంది. కొనాలంటే వందల డాలర్లు, అందుకే దగ్గర్లోని రీఫ్ క్లబ్బునో, కోరల్స్ అమ్మే షాపునో అడగండి, చాలా చోట్ల వారాంతానికి ఇస్తారు. ఏడాదికి రెండుసార్లు కొలిస్తే సరిపోయేదానికి సొంతంగా కొనక్కర్లేదని నా అభిప్రాయం. లక్స్ మీటర్ని పారేయకండి, రంగుల సెట్టింగ్ మార్చనంత కాలం నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది.

పార్ మీటరే, కానీ స్నేహితుడి మీటరుతో కలవట్లేదు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సెన్సర్ నీళ్ళలో మునిగితే గాలిలో కన్నా తక్కువ చదువుతుంది, ఆ తేడాను సరిచేయడానికి ఒక గుణకం ఉంటుంది. అపోజీ కంపెనీ ఎంక్యూ-500 మీటరు అయితే నీటిలో వచ్చిన అంకెను 1.32తో, పాత ఎంక్యూ-200 అయితే 1.08తో గుణించాలి. ఎంక్యూ-510లో ఆ సవరణ లోపలే చేసి ఉంటుంది, మళ్ళీ గుణిస్తే మీరు లేని లైటును కాగితం మీద పుట్టిస్తున్నట్టే! అదే 510ని నీటి బయట పెట్టి చదివినా అంకె పెరిగే వస్తుంది. పైగా పాత 200 సెన్సర్ నీలి ఎల్ఈడీ కింద కాస్త తక్కువ చూపిస్తుంది. అందుకే ఎవరైనా ‘నా ట్యాంకులో 300’ అంటే ఏ మీటరు, గుణించారా లేదా అని అడిగాకే పోల్చుకోండి.

అంకె నిలవడం లేదు, 150, 320, 210 అని గెంతుతోంది

మీటరు చెడిపోలేదు. నీటి పైన అలలు ఎల్ఈడీ కాంతిని భూతద్దంలా ఒకచోట పోగేసి మరోచోట పలచన చేస్తాయి. వేవ్‌మేకర్ (ట్యాంకులో అలలు పుట్టించే పంపు), రిటర్న్ పంపు (కింది ట్యాంకు నుంచి నీళ్ళు పైకి తెచ్చేది) రెండూ ఆపి, నీళ్ళు నిలిచాక చదవండి. పంపులు ఆపితే కొన్ని ట్యాంకుల్లో నీటిమట్టం దిగుతుంది, అంత తేడా వస్తుంటే రిటర్న్ నడవనిచ్చి పది రీడింగుల సగటు తీసుకోవడమే మేలు. సెన్సర్ మొహం సమంగా పైకి ఉండాలి, ఏ కాస్త వంగినా అంకె మారిపోతుంది. కర్రకు కట్టి దించండి, మీ చెయ్యీ తలా నీడ పడకూడదు.

పోయిన నెల 250 ఉన్నచోటే ఇప్పుడు 180

లైటు అద్దం మీద ఉప్పు పేరుకుందేమో చూసి, మంచినీళ్ళతో తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి. సెన్సర్ మీద గాలిబుడగ ఉంటే వేలితో తీసేయండి. యాప్‌లో అక్లిమేషన్ మోడ్ (కోరల్‌కు అలవాటయ్యేలా లైటు తగ్గించి మెల్లగా పెంచే సెట్టింగ్) గానీ, మెల్లగా వెలిగే షెడ్యూలుగానీ నడుస్తుంటే ఫుల్ బ్రైట్‌నెస్ వచ్చేదాకా ఆగండి, టీ5 ఫ్లోరోసెంట్ ట్యూబులైతే వెలిగించాక ఇరవై నిమిషాలు. రోజూ వల మూత వేసే ట్యాంకును మూత వేసే కొలవాలి. కిటికీ ఎండ పడే గదైతే రాత్రి కొలవండి.

ఇవేవీ కాకపోతే నీళ్ళు పసుపెక్కి ఉంటాయి, తెల్ల బకెట్‌లో పోస్తే తెలిసిపోతుంది. యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్ళ రంగును పీల్చే బొగ్గు) పెడితే తేటపడతాయి, కానీ ఒక్కసారిగా ఎక్కువ వేయొద్దు. లైటు ముట్టుకోకుండానే నీళ్ళలోకి దిగే పార్ పెరిగి కోరల్స్ షాక్ తింటాయి.

కొలత సరిగ్గానే ఉంది, కోరల్ బాగాలేదు

మెత్తటి కోరల్స్‌కు 50 నుంచి 150, ఎల్‌పీఎస్‌కు (పెద్ద పాలిప్‌లున్న గట్టి కోరల్స్) 100 అటూ ఇటూ, ఎస్‌పీఎస్‌కు (చిన్న పాలిప్‌లున్న గట్టి కోరల్స్) 200 నుంచి 350, హాబీలో అందరూ పెట్టుకునే లెక్క ఇది. దాంతోపాటు గంటలూ చూడాలి. 200 పార్ పది గంటలు పడితే చదరపు మీటరుకు రోజుకు 7.2 మోల్స్ కాంతి, పన్నెండు గంటలైతే 8.64. అంకె లెక్కలోనే ఉండి కోరల్ తెల్లబడుతుంటే లైటు ముట్టుకోకుండా ఆల్కలినిటీ (నీటి క్షారత), ఉష్ణోగ్రత చూడండి. గోధుమ రంగుకు తిరుగుతుంటే లైటు చాలకపోవడమో, నైట్రేట్ పెరగడమో కావచ్చు.

నిజంగానే పెంచాల్సి వస్తే వారానికి ఐదు శాతం మించకండి, పెంచిన ప్రతిసారీ అదే రాయి దగ్గర అదే మీటరుతో మళ్ళీ కొలవండి. నా మాంటిపోరా 120 పార్ ఉన్న మూలకి మారాక అంచుల్లో రంగు పట్టడానికే మూడు నెలలు పట్టింది.