పక్క కుక్క కనబడితే మీదికి దూకే కుక్కను దారికి తెచ్చుకోవడం ఎలా?

వాకింగ్‌లో ఇంకో కుక్క కంటబడితే చాలు, మనది బెల్టు తెంపుకునేలా దూకుతుంది. చెయ్యి నొప్పి సరే, నలుగురిలో నామోషీ ఒకటి. దాన్ని పొగరనుకుంటాం గానీ చాలాసార్లు అది భయం. ‘అవతలికి పో’ అని అరుస్తుంది. అవతలిది ఎలాగూ దాని దారిన అది పోతుంది, మనదేమో తన అరుపే పనిచేసిందనుకుంటుంది. రోజూ ఇదే అయితే అలవాటు ముదురుతుంది.

ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిలో చీము పట్టినా, కీళ్ళు నొప్పెట్టినా సాధువైన కుక్క కూడా కరుస్తుంది. గుణం ఉన్నట్టుండి మారిందంటే అస్సలు ఆలస్యం చేయొద్దు.

ఇక కిటుకంతా దూరంలో ఉంది. అవతలి కుక్క కనబడుతున్నా మనది తింటోంది, పిలిస్తే తల తిప్పుతోంది అంటే ఆ దూరం సరైనది. ఒళ్ళు బిగించి, రెప్ప వాల్చకుండా చూస్తూ, మూతి దగ్గర చికెన్ పెట్టినా వాసన చూడలేదంటే మరీ దగ్గరికొచ్చేశారు. మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి. ఒకదానికి 10 అడుగులు చాలు, ఇంకోదానికి మైదానం అవతలి గట్టు కావాలి.

ఆ దూరాన నిలబడి, అవతలి కుక్క కంటబడగానే ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. ఉప్పూ కారం, ఉల్లిపాయ తగలకూడదు. అది కనబడినంతసేపూ చిన్న చిన్న ముక్కలు పెడుతూ, కనుమరుగవగానే ఆపేయండి. వరస తప్పొద్దు: ముందు కుక్క, ఆ తర్వాతే చికెన్. తిండికి ముందు వినబడే చప్పుడుకే చొంగ కార్చిన, రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల సూత్రమే ఇది. కొన్నాళ్ళకు మీది అవతలి కుక్కను చూసి, ‘ఏదీ నా ముక్క?’ అన్నట్టు మీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు రెండడుగులు దగ్గరికి జరగండి. రోజుకు 5 నిమిషాలు చాలు. మళ్ళీ గొడవ మొదలైతే దూరం పెంచండి, అంతే.

కాస్త కుదురుకున్నాక తెలిసినవాళ్ళ నెమ్మదైన కుక్కతో కలిసి, రోడ్డుకు చెరోపక్క, ఒకే దిక్కుగా నడిపించండి. ఎదురెదురుగా మాత్రం తేవద్దు.

గుర్రుమన్నందుకు కొట్టొద్దు, కసరొద్దు. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని నోరు నొక్కి మానిపిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. ముళ్ళ కాలర్లు, కరెంటు కాలర్ల జోలికి పోవద్దు. అవతలి కుక్క కనబడినప్పుడల్లా నొప్పి పుడితే, ఆ నొప్పి దానివల్లే అనుకుంటుంది.

కరిచే అలవాటుంటే బుట్టలాంటి మజిల్ వాడండి, మన ఎద్దుల చిక్కం లాంటిదే. అందులోంచి నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి. లోపల పెరుగు రాసి ఇంట్లోనే కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

వీధి కుక్కల గుంపు కాపలా కాసే సందులోకి శిక్షణ పేరుతో తీసుకెళ్ళకండి. వేళ మార్చుకోండి, లేదా దారి మార్చుకోండి.

కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకండి. నీళ్ళు కుమ్మరించండి, పెద్ద చప్పుడు చేయండి, దుప్పటి కప్పండి. మీకు పన్ను తగిలితే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళండి.