మల్లె మొక్క ఏపుగా ఉంది గానీ పువ్వుల్లేవా? సంక్రాంతి లోపు ఇలా చేయండి

మా విజయనగరంలో ఏ డాబా మీద చూసినా ఓ మల్లె కుండీ ఉంటాది, ఆకులు నిగనిగలాడతాయి, పువ్వులు మాత్రం వేసంకాలం మొత్తం మీద గుప్పెడు రావు. నాదీ మూడేళ్లు అంతే. రెండు పూటలా నీళ్లు, నెలనెలా గత్తం (పశువుల ఎరువు), అడక్కుండానే అన్నీ పెట్టీసేదాన్ని, అది హాయిగా ఆకులేసుకుంటా కూర్చునేది. పక్కింటి మామ్మ చూసి "అంత మేపితే పూస్తాదేటే, ముందు ఎండగట్టు" అంది. అసలు కిటుకు అదే.

ఇంకా మొక్క కొనకపోతే ముందు ఏది కొంటున్నారో చూసుకోండి. లావు మొగ్గల బొండుమల్లె, రేకుమల్లె రెండూ ఒకటే జాతి, జాజి విరజాజి వేరు, కాగడా కూడా వేరే, దానికి వాసన బాగా తక్కువ. పేర్ల విషయంలో పెద్దోళ్లే తికమక పడ్డారు లెండి, 1753లో లిన్నేయస్ అనే మొక్కల శాస్త్రవేత్త మన మల్లెని పారిజాతం ఉన్న గుంపులో కలిపీసి పేరు పెట్టాడు, 1789లో ఐటన్ అనే ఆయన దాన్ని జాస్మినమ్ సంబక్ అని మార్చాడు. ఆ సంబక్ అరబ్బీ మాట, జాస్మిన్ పారశీకం నుంచి వచ్చింది.

కుండీ 12 నుంచి 14 ఇంచులుండాలి, అడుగున కన్నాలుండాలి, ఎర్రమట్టిలో కొంచెం ఇసక, బాగా చివికిన గత్తం కలిపితే చాలు. ఎండ కనీసం అయిదారు గంటలు తగలాలి, నీడలో పెట్టి పువ్వులు రావట్లేదంటే ఎలా? పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి, 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా కుండీలు రెండు వీధిలో దొరికాయి.

ఇక అసలు పని. డిసెంబర్ ఆఖరు వారం నుంచి సంక్రాంతి లోపు చేయాలి. ముందు వారం పది రోజులు నీళ్లు ఆపీయండి. ఆకులు వడలిపోతాయి, మనసు ఒప్పదు, అయినా చెంబు పట్టుకుని వెళ్లకండి, నేను మొదటిసారి నాలుగో రోజుకే పోసీసి పాడు చేసుకున్నాను. తర్వాత ఆకులన్నీ చేత్తో దూసీసి, ఎండు కొమ్మలు మొదలంటా తీసీసి, మిగతావి మట్టి నుంచి మూరెడు ఎత్తులో పదునైన కత్తెరతో కోసీయండి, ఎందుకంటే మల్లె మొగ్గలు కొత్త చిగురు కొసనే వస్తాయి, పాత కొమ్మ ఎంత పొడుగుంటే మనకేం లాభం. ఇప్పుడు పైమట్టి గుల్ల చేసి, రెండు దోసిళ్లు గత్తం వేసి, నిండా నీళ్లు పెట్టండి. అక్కణ్ణుంచి పైమట్టి ఆరినప్పుడే నీళ్లు. యూరియా జోలికెళ్లొద్దు, మళ్ళీ ఆకులే వస్తాయి. చిగుళ్లు బేగినే వచ్చీస్తాయి, మార్చికల్లా మొగ్గలు కనపడతాయి. ఒక విడత పూసి అయ్యాక కొసలు కొంచెం తుంచితే ఇంకో విడత వస్తాది.

మొగ్గలు ఊదారంగుకి తిరిగి రాలిపోతుంటే పురుగు పట్టినట్టే. అలాంటివి ఏరి పారీసి, లీటర్ నీళ్లలో 5 ఎంఎల్ వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

కోయడం విచ్చుకోకముందే, మొగ్గ పూర్తిగా తెల్లబడి ఉబ్బినప్పుడు సాయంత్రం నాలుగైదు గంటలకి. పచ్చగా ఉన్నవి కోస్తే వేస్ట్, అవి విచ్చుకోవు. తెల్లవైతే కోసినా చీకటి పడ్డాక విచ్చుకుని ఇల్లంతా వాసనేస్తాయి. మర్నాటికి కావాలంటే తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకోటి, అక్టోబర్లో మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మొక్క పూయట్లేదని కంగారుపడి మళ్ళీ మేపడం మొదలెట్టకండి, అప్పటికి దాని సీజన్ అయిపోతాది, ఆ రోజుకి బంతిపూలు కొనుక్కోవడమే.