లక్కీ డ్రాలో మేక తగిలితే మొదటి వారం ఏం చేయాలి

దసరా దగ్గరపడితే తెలంగాణ ఊళ్లలో 'వంద కొట్టు, మేకను పట్టు' అంటూ ఫ్లెక్సీలు వెలుస్తాయి. కూపన్ కొన్నవాళ్లలో చాలామంది ఎన్నడూ మేకను మేపినవాళ్లు కారు.

ముందు డ్రా పెట్టేవాళ్లకు. అనుమతి లేని లాటరీ నేరమన్నది ఎలాగూ ఉంది. మేకను రోజుల తరబడి మైకుసెట్టు పక్కన కట్టేసి చూపించడం అంతకంటే పెద్ద తప్పు. ఫ్లెక్సీ మీద ఫొటో చాలు, డ్రా రోజు దాకా దాన్ని మందలోనే ఉండనివ్వండి. మేక వద్దన్నవాళ్లకు దాని ధర ఇస్తామని ముందే చెప్పండి. అమ్మిన కాపరిని మూడు సంగతులు అడిగి చీటీ మీద రాసి గెలిచినవాళ్లకు ఇవ్వండి: ఏం మేస్తోంది; పారుడు రోగం (మేకలకొచ్చే పీపీఆర్ అనే అంటువ్యాధి) టీకా, నట్టల (కడుపులో పురుగుల) మందు ఎప్పుడు వేశారు; ఆడమేకైతే చూడి మీద ఉందా.

ఇంటికి తెచ్చేటప్పుడు కాళ్లు కట్టి బైకు మీద అడ్డంగా వేయకండి. ఆటోలో గోనెసంచి పరిచి నిలబెట్టి తీసుకురండి, ఒకరు పక్కన పట్టుకోవాలి. జంతుహింస నివారణ చట్టం 1960, సెక్షన్ 11 ప్రకారం బాధపడేలా తరలించడం, మేత, నీళ్లు, నీడ లేకుండా ఉంచడం నేరాలు.

మెడకు ఉచ్చుముడి వేయొద్దు, లాగేకొద్దీ బిగుస్తుంది. బిగుసుకోని పట్టీ వేసి, పలుపు రెండు మీటర్లయినా వదలండి. మెట్ల దగ్గర, ప్రహరీ పక్కన, డాబా మీద కట్టకండి. మేక అవతలికి దూకితే పలుపుకు వేలాడి ఉరి పడుతుంది. ఒంటరిగా ఉంటే అరుస్తూ మేత మానేస్తుంది కాబట్టి వేరే మేకలు కనిపించేచోట కడితే మంచిది.

అసలు ప్రమాదం పండగ ఇంటి వంటగదిలోనే ఉంది. ప్రేమతో బేసిన్ నిండా అన్నం, పులిహోర, జొన్నలు పెడతారు. ఆకులలములకు అలవాటుపడిన పొట్టలో అవి ఒక్కసారిగా పులుస్తాయి, ఆమ్లం పెరిగి నెమరు ఆగిపోతుంది. కొన్ని గంటల నుంచి ఒకటిన్నర రోజు లోపల మేక దిగాలుగా నిలబడి పళ్లు నూరుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పెంటికల బదులు పుల్లటి వాసనతో నీళ్లలా పారుతుంది. అలా కనిపిస్తే వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది. ఈలోగా 25 కిలోల మేకకు అర లీటరు నీళ్లలో 20 గ్రాముల తినే సోడా కలిపి, నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించవచ్చు. తల పైకెత్తి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిలబడలేని మేకకు నోట్లో ఏమీ పోయకండి.

రోజుకు మూడు కిలోల దాకా సుబాబుల్, రావి, మర్రి, తుమ్మ రెమ్మలు చాలు. తొక్కిన మేత మేక ముట్టదు, కాబట్టి కట్టగట్టి దాని తలెత్తులో వేలాడదీయండి. మూడు నాలుగు లీటర్ల శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. దాణా పెట్టాలనుకుంటే గుప్పెడుతో మొదలుపెట్టి, పది రోజుల్లో 200 గ్రాములకు పెంచండి.

మీకు ముందే మేకలుంటే కొత్తదాన్ని 21 రోజులు విడిగా ఉంచండి. పారుడు రోగం బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది, ఒక్క మేకతో మంద మొత్తానికి అంటుకుంటుంది. ముక్కు, కళ్ల నుంచి చీమిడి కారుతూ జ్వరం, పారుడు ఉంటే అదేనని అనుమానించాలి. మామూలుగా మేక ఒంటి వేడి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మనిషి లెక్కన చూసి కంగారుపడొద్దు.

కోయాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం చూడి మేకను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. పట్టణాల్లో లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలి. పెంచుకునే ఓపిక లేకపోతే పండగ రద్దీలో సంతకు తోలకుండా, దాన్ని మొదట అమ్మిన కాపరికే తిరిగి అమ్మండి. దాని మంద, దాని మేత అక్కడే ఉన్నాయి.