పాత చెక్క డ్రమ్ కిట్‌కి ఇంట్లోనే మరమ్మతు: ఏ లక్షణానికి ఏ కారణం, ఏం చేయాలి

చెన్నైలో పాత డ్రమ్ కిట్లు ఎక్కువగా ఆర్కెస్ట్రా ట్రూపుల దగ్గర, చర్చిల్లో, వడపళని, సాలిగ్రామం వైపు వాయిద్యకారుల ఇళ్లలో దొరుకుతాయి. ఎవరి దగ్గర కొన్నా పరిస్థితి దాదాపు ఒకటే. ఏళ్ల తరబడి అటక మీద, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి పెట్టి ఉంటుంది. పాలిష్ మసకబారి, ఇనుము తుప్పు పట్టి, కొడితే డబ్బా మోత మోగుతుంది. అది చూసి పాలిష్ మేస్త్రి "మెషీన్ పెట్టి మొత్తం గీకేస్తే కొత్తదానిలా వస్తుంది సార్" అంటాడు. ఒప్పుకోకండి. పాత కిట్‌కి విలువ తెచ్చేది ఆ అసలు పాలిషే. పైగా దాని కింది అలంకారపు పొర చాలా పల్చన, గీకుడు యంత్రం కాస్త ఒరిగితే ఆ పొర పోయి లోపలి మామూలు చెక్క బయటపడుతుంది. పాలిష్ వల్ల అనుకునే లోపాల్లో చాలావాటికి అసలు కారణం తేమో, ఇనుమో, షెల్ (డ్రమ్ చెక్క గొట్టం) అంచో అయి ఉంటుంది.

విప్పే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. ఒకసారి ఒక డ్రమ్మే విప్పండి. దాని లగ్‌లు (షెల్ పక్కన బిగించిన, రాడ్లు దిగే లోహపు ముక్కలు), స్క్రూలు, వాషర్లు ఒక డబ్బాలో వేసి, మూత మీద ఏ డ్రమ్మువో రాయండి. పాత కిట్లలో పక్కపక్క డ్రమ్ముల స్క్రూలు కూడా ఒకే పొడవు ఉండవు.

పాలిష్ మీద తెల్లటి మసక, మచ్చలు

కారణం తేమ. అయితే ఏం చేయాలో చెప్పే ముందు పాలిష్ ఏ రకమో తెలియాలి. ఒక లగ్ విప్పితే కింద దాగిన చోటు కనిపిస్తుంది, పరీక్ష అక్కడే చేయండి. దూదిని స్పిరిట్‌లో తడిపి అర నిమిషం ఆనించండి. పాలిష్ కరిగి దూదికి రంగు అంటితే అది లక్కతో వేసిన ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కి పెద్దగా కదలక, ఎన్‌సీ థిన్నర్‌కి మెత్తబడితే నైట్రోసెల్యులోజ్ లాకర్. రెండింటికీ చలించకపోతే పాలియురేథేన్ లాంటిది. షెల్ చుట్టూ ఒకచోట నిలువుగా అతుకు కనిపించి, చెక్క గీతలు అక్కడ తెగిపోతే, మీ ముందున్నది చెక్క బొమ్మ ఉన్న ప్లాస్టిక్ రేకు కావచ్చు. దాని మీద థిన్నర్ చుక్క కూడా పడకూడదు.

ఫ్రెంచ్ పాలిష్ అయితే సగం పని అయిపోయినట్టే. మెత్తటి పాత పంచె గుడ్డలో దూది చుట్టి, స్పిరిట్‌తో తడిపి, బాగా పిండి, తడి ఉందా లేదా అన్నట్టుండగా ఆగకుండా ఒక్క ఊపున తుడవండి. చేయి ఒకచోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. లాకర్ మీద స్పిరిట్ వద్దు. డ్రమ్‌ని పొడిగా ఉన్న గదిలో కొన్ని వారాలు ఉంచి, తర్వాత సన్నటి కారు పాలిష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది.

పాలిష్ అరిగిపోయిన చోట కొత్త పూత వేయాలంటే లక్కే మేలు. మన దేశంలోనే, ముఖ్యంగా జార్ఖండ్‌లో తయారవుతుంది. మైనం తీసిన రకం దాదాపు ఏ పాత పూత మీదైనా పట్టుకుంటుంది, తేడా వస్తే స్పిరిట్‌తో తీసేయవచ్చు. 60 గ్రాముల లక్క రేకులు అర లీటరు స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో వడగట్టండి. కలిపి నెలలు గడిచిన లక్క సరిగా ఆరదు, అవసరమైనంతే కలుపుకోవాలి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఈ పని పెట్టుకోవద్దు. మిగతా నెలల్లోనూ ఉదయం 10 దాటాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపు ముగించండి. ఆ గాలి తెచ్చే తేమకి తడి పూత మళ్లీ తెల్లబడుతుంది. స్పిరిట్, థిన్నర్ వాడేటప్పుడు బాల్కనీలో కూర్చోండి. వంటింట్లో స్టవ్, పూజగదిలో దీపం వెలుగుతుంటే తలుపు మూసేయండి.

వేలు ఆనిస్తే జిగట

లాకర్ మీద రబ్బరు, వినైల్, ఫోమ్ ఏళ్ల తరబడి ఆని ఉంటే వాటిలోని మెత్తబరిచే రసాయనాలు పాలిష్‌లోకి దిగుతాయి. జిగట ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లతో నిలబడే పెద్ద డ్రమ్) కాళ్ల దగ్గరో, కవర్ తగిలిన చోటో మాత్రమే ఉంటే కారణం ఇదే. మినరల్ టర్పెంటైన్ కొంచెం గుడ్డకి అద్ది తుడిచి, గాలికి ఆరనివ్వండి. ఒంటినిండా సన్నటి జిగట ఉంటే అది చెమట, పొగ, పాత మైనం. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పట్టండి. సిలికాన్ ఉన్న మెరుపు స్ప్రేలు కొట్టకండి, రేపు ఏ పూత వేసినా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

పొర లేచింది, పురుగు పట్టింది

పాత జిగురు ఎండిపోయి పొర విడివడింది. గోరుతో లేపి చింపి చూడొద్దు. మందుల దుకాణంలో దొరికే సిరంజితో ఫెవికాల్ లోపలికి ఎక్కించి, పైన మైనపు కాగితం పెట్టి, షెల్ వంపుకి సరిపడే చెక్కముక్కతో బిగించి ఒక రోజు వదిలేయండి. పొంగిన జిగురు తడిగా ఉన్నప్పుడే తుడవాలి.

చిన్న రంధ్రాల నుంచి పిండి రాలుతుంటే పురుగు ఉన్నట్టు. ఆ డ్రమ్‌ని ముందు మిగతావాటి నుంచి వేరుచేయండి. చెక్క పురుగు మందు ఒక్కో రంధ్రంలోకి సిరంజితో వేసి, పాలిథీన్‌లో కొన్నాళ్లు మూసి ఉంచండి. ఆ తర్వాత రంధ్రాలు పూడ్చి, అడుగున తెల్ల కాగితం పరచండి. మళ్లీ పిండి రాలితే మళ్లీ మందు.

క్రోమ్ మీద తుప్పు, తిరగని రాడ్లు

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉన్న కిట్‌కి ఇది తప్పదు. అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, నీళ్లలో ముంచి క్రోమ్ మీద రుద్దండి. క్రోమ్ అల్యూమినియం కన్నా చాలా గట్టిది, కాబట్టి గీత పడకుండా తుప్పు ఊడిపోతుంది. తర్వాత ఆరబెట్టి మైనం రాయండి. పొర ఊడి గుంటలు పడ్డ చోట మాత్రం ఏం రుద్దినా కొత్త క్రోమ్ రాదు. తుప్పు ఆగితే అక్కడితో చాలనుకోవాలి.

టెన్షన్ రాడ్లు, అంటే డ్రమ్ చర్మాన్ని బిగించే పొడవాటి స్క్రూలు, ఉక్కువి, కాబట్టి వెనిగర్‌లో ఒక రాత్రి ముంచి, బ్రష్‌తో తోమి, వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టవచ్చు. లగ్‌లని మాత్రం ఆ వెనిగర్‌లో వేయకండి. చాలా కిట్ల లగ్‌లు జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆమ్లం క్రోమ్ పగుళ్ల గుండా లోపలికి దూరి జింకుని తినేస్తుంది. రాడ్ బిగుసుకుపోతే డ్రమ్ కీ (రాడ్లు తిప్పే తాళం) పట్టుకుని బలం ప్రయోగించొద్దు. లగ్ నోట్లో రెండు చుక్కల కిరోసిన్ వేసి మర్నాటిదాకా ఆగండి, ఒక పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఒకటి విరిగితే బజారులో దొరికిన రాడ్ దూర్చే ముందు మరలు కలుస్తున్నాయో లేదో వేళ్లతోనే చూడండి. అన్ని కంపెనీల కిట్ల మరలు ఒకటి కావు. బిగించే ముందు మరలకి కాస్త వాసలిన్ రాయండి.

ట్యూన్ నిలవదు, మోత గజిబిజిగా వస్తుంది

ఎక్కువ మంది ఇక్కడే షెల్‌ని తప్పుపట్టి పాలిష్ మీదకి వెళ్తారు. ముందు హెడ్ (డ్రమ్ మీద కొట్టే చర్మం లేదా ప్లాస్టిక్ పొర) మార్చండి. పాత హెడ్ మధ్యలో గుంట పడితే దాన్ని ఎవరూ ట్యూన్ చేయలేరు.

కొత్త హెడ్‌తోనూ తీరు మారకపోతే బేరింగ్ ఎడ్జ్ చూడాలి. హెడ్ ఆనే ఆ అంచు ఒకే మట్టంలో ఉండాలి. మందపాటి గాజు పలక, ఉదాహరణకి గ్లాస్ టీపాయ్ పై పలక తీసి, దాని మీద షెల్‌ని బోర్లించండి. లోపల ఫోన్ టార్చ్ వెలిగించి గది దీపాలు ఆపేయండి. అంచు కింద ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లం ఉంది. వంటింటి గ్రానైట్ గట్టు కొన్నిసార్లు మట్టంగా ఉండదు, గాజే వాడండి. అదే పలక మీద రిమ్‌ని (హెడ్‌ని అదిమి పట్టే లోహపు వలయం) కూడా పెట్టి చూడండి. రిమ్ కదలాడితే తప్పు షెల్‌ది కాదు, రిమ్ వంకర పోయింది. దాన్ని మార్చడమే దారి.

పల్లం చిన్నదైతే 150 నంబరు ఉప్పు కాగితాన్ని గాజుకి అంటించండి. అంచు మొత్తం మీద పెన్సిల్‌తో గీతలు గీసి, షెల్‌ని తిప్పుతూ రుద్దండి. ఒకేవైపు చేయి పడితే ఇంకో పల్లం వస్తుంది, అందుకని కొన్ని చుట్లకోసారి షెల్‌ని కాస్త పక్కకి తిప్పి పట్టుకోండి. అన్నిచోట్లా పెన్సిల్ పోయాక ఆపండి. మొనని 220 నంబరు కాగితంతో చేత్తో పాత ఆకారానికి తెచ్చి, కొవ్వొత్తి మైనం రుద్దండి.

పాత కిట్ల అంచులు చాలావరకు కాస్త గుండ్రంగా ఉంటాయి. ప్లాస్టిక్ హెడ్లు మార్కెట్లోకి వచ్చింది 1950ల రెండో సగంలో. అంతకుముందు దూడచర్మమే. దానికి పదును అంచు పనికిరాదు, ఆ ఆకారమే తర్వాతా చాలాకాలం సాగింది. కొందరు దాన్ని 45 డిగ్రీల కొత్త పదునుకి కోయిస్తారు. మోత బిగ్గరగా, సన్నగా మారుతుంది, పాత కిట్ తీపి పోతుంది. స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్) అడుగువైపు అంచులో ఎదురెదురుగా ఉండే రెండు వెడల్పాటి పల్లాలు అసలు లోపం కానే కాదు, స్నేర్ తీగలు హెడ్‌కి హత్తుకోవడానికే వాటిని చేస్తారు. అక్కడ ఉప్పు కాగితం పెట్టి మట్టం చేస్తే ఆ స్నేర్ ఇక ఎప్పుడూ బరబర మోగుతూనే ఉంటుంది.

కొత్త హెడ్ పట్టదు

షెల్ గుండ్రం తప్పిందేమో నాలుగైదు చోట్ల వ్యాసం కొలవండి. తేడా కొన్ని మిల్లీమీటర్లు ఉండి, హెడ్ చేత్తో సులువుగా దిగుతుంటే ఏం చేయనక్కర్లేదు. దిగకుండా పట్టేస్తుంటే షెల్ మీది కంపెనీ పేరు చూడండి. ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ కంపెనీ 1960ల చివరి దాకా చేసిన చాలా డ్రమ్ములు నేటి ప్రామాణిక కొలతల్లో ఉండవు. వాటికి ప్రత్యేక హెడ్లు తెప్పించాలి. షెల్‌ని అరగదీసి సరిపెట్టమని ఎవరైనా అంటే వినకండి.

జివ్వుమనే మోత

ఒకరు కొడుతుంటే ఇంకొకరు ఒక్కో లగ్‌ని వేలితో నొక్కండి. ఏది నొక్కితే ఆగిందో అదే దొంగ. లగ్ లోపల స్ప్రింగ్ ఉంటుంది, చుట్టూ పెట్టిన ఫెల్ట్ (మెత్తటి ఉన్ని గుడ్డ) ఊడిపోతే అది షెల్‌ని తాకుతుంది. విప్పి స్ప్రింగ్‌కి దూది చుట్టేయండి. కంపెనీ బిళ్ల వదులై కూడా ఇలాగే మోగుతుంది. టామ్ కొడితే స్నేర్ తీగలు గలగలమంటే అది చెడిపోయినట్టు కాదు. రెండూ ఒకే స్వరానికి దగ్గరగా ట్యూన్ అయ్యాయి, టామ్‌ని కాస్త పైకో కిందికో జరపండి.

బిగించాక

హెడ్ పెట్టి రాడ్లన్నీ ముందు వేళ్లతో బిగించండి, తర్వాత ఎదురెదురుగా అర చుట్టు చొప్పున. కిట్‌ని మళ్లీ ప్లాస్టిక్‌లో చుట్టకండి, నూలు దుప్పటి కప్పండి. బయటి గోడకి ఆనించకుండా, నేల మీద కాకుండా చెక్కబల్ల మీద పెట్టండి. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు వద్దు. వానాకాలంలో బేస్ డ్రమ్ లోపల సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి తీసి ఎండబెట్టుకోండి.