సాఫ్ట్‌బాల్ బ్యాట్‌ను ‘వచ్చే ఏడాదికి కూడా’ అని కొనకండి

మా పాపకు మొదటి బ్యాట్ స్కూల్ యూనిఫాం కొన్నట్టే కొన్నాను. ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దదే ఉండనీ అని. హన్మకొండ గ్రౌండ్‌లో ఆడించి చూస్తే తెలిసింది. బ్యాట్ తిప్పేలోపు బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉండేది. పాపం, బరువు ఆగక హ్యాండిల్‌ను కింది కొస నుంచి నాలుగు వేళ్లంత పైన పట్టుకునేది. మీ పిల్లలూ అలా పట్టుకుంటుంటే బ్యాట్ పెద్దదైందనే అర్థం.

కొనేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లండి. బ్యాట్ అడుగున ఉండే గుండును ఛాతీ మధ్యలో ఆనించి, చేతిని బ్యాట్ పొడవునా పక్కకు చాపమనండి. వేళ్లు అవతలి కొస మీదుగా కొద్దిగా వంగితే పొడవు సరిపోయినట్టే. తర్వాత ఒక్క చేత్తో బ్యాట్‌ను పక్కకు చాపి పట్టుకోమనండి. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపే చెయ్యి వణికితే తేలికది అడగండి.

బ్యాట్ మీద ‘-10’ అని ఉంటే, అంగుళాల్లో పొడవు కన్నా ఔన్సుల్లో బరువు పది తక్కువని. 29 అంగుళాలదైతే 19 ఔన్సులు, అంటే సుమారు 540 గ్రాములు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు -10 లేదా -11 హాయిగా ఉంటుంది.

అన్నట్టు, షాపులో బేస్‌బాల్ బ్యాట్ చేతిలో పెట్టేస్తారేమో చూసుకోండి. సాఫ్ట్‌బాల్ బ్యాట్ లావు (వ్యాసం) 2.25 అంగుళాలు దాటకూడదు.