పాత హాస్యచిత్రం చూపించి అభిప్రాయాలు రాసిపెట్టుకోవడం ఎలా

ధనిక పేద తేడాల మీద, వర్ణ వివక్ష మీద తీసిన పాత హాస్యచిత్రాన్ని పదిమందికి చూపించి వారి అభిప్రాయాలు రాసిపెట్టుకోవాలనుకునేవారు, ముందుగా ఆ చిత్రాన్ని తామొక్కరే కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చూడాలి. గత సంక్రాంతి సెలవుల్లో అనంతపురంలో మా మిద్దె మీద పదకొండు మందిమి కలిసి, 1983లో వచ్చిన అమెరికా చిత్రం ‘ట్రేడింగ్ ప్లేసెస్’ చూశాము. ఆ రోజు పనికి వచ్చిన పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను.

పిలిచేటప్పుడు కథను కొంతవరకే చెప్పాలి. ఫిలడెల్ఫియా నగరంలో డ్యూక్ సోదరులనే ఇద్దరు ముసలి ధనవంతులు, మనిషిని తీర్చిదిద్దేది పుట్టుకా, పెరిగిన పరిసరాలా అని వాదించుకుని పందెం వేసుకుంటారు. దాన్ని తేల్చడానికి తమ సంస్థలో పనిచేసే విన్‌థోర్ప్ అనే తెల్లజాతి యువకుడి మీద దొంగతనం మోపి వీధిపాలు చేసి, బిచ్చమెత్తుకునే వాలెంటైన్ అనే నల్లజాతి యువకుడిని అతని ఇంట్లో, అతని ఉద్యోగంలో కూర్చోబెడతారు. విన్‌థోర్ప్‌గా డాన్ అక్రాయిడ్, వాలెంటైన్‌గా అప్పటికి 22 ఏళ్ల ఎడీ మర్ఫీ నటించారు. నగ్న దృశ్యాలు, బూతులు ఉన్నాయని, నల్లజాతివారిని కించపరిచే మాట వినిపిస్తుందని ముందే చెప్పి, పిల్లలను తీసుకురావద్దని కోరడం మర్యాద.

చివరి ఘట్టం సరుకుల మార్కెట్లో జరుగుతుంది కనుక, అది అర్థం కాకపోతే అభిప్రాయం సగంలోనే ఆగిపోతుంది. మా జిల్లాలో దీన్ని చీనీ (బత్తాయి) కాయలతో చెబితే చాలు. రెండు నెలల తర్వాత టన్ను చీనీ ఫలానా ధరకు ఇస్తానని ఈరోజే ఒప్పుకున్నవాడు, ఆలోగా ధర పడిపోతే తక్కువకు కొని ఎక్కువకు అప్పగించి లాభపడతాడు. ధర పెరిగితే నిలువునా మునుగుతాడు. చిత్రంలో గడ్డకట్టించిన నారింజ రసం మీద ఇదే వ్యాపారం జరుగుతుంది. పంట దిగుబడిపై ప్రభుత్వ నివేదికను డ్యూక్ సోదరులు దొంగచాటుగా ముందే తెప్పించుకోబోతే, ఆలోగా చేతులు కలిపిన విన్‌థోర్ప్, వాలెంటైన్ దాని స్థానంలో దొంగ నివేదిక పెట్టి వారిని ముంచుతారు. ప్రభుత్వం నుంచి దొంగిలించిన సమాచారంతో సరుకుల వ్యాపారం చేయడాన్ని నిషేధిస్తూ అమెరికాలో 2010లో చట్టం వచ్చినప్పుడు, ఆ నిబంధనకు ‘ఎడీ మర్ఫీ నిబంధన’ అన్న పేరే వాడుకలోకి వచ్చింది.

చూసేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక కాగితం, ఒక పెన్ను ఇవ్వాలి. బాగుందా బాగాలేదా అని రాయించకూడదు. తాము ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు ఆగిపోయిందో రెండు మూడు మాటల్లో గుర్తు పెట్టుకోమనాలి. చిత్రాన్ని మధ్యలో ఆపి వివరించకూడదు, ఉగ్గాని బజ్జీల కోసం ఆపినా సరే, మాటలు మాత్రం తర్వాతకే ఉంచాలి.

చర్చను ఒక చిన్న దృశ్యంతో మొదలుపెట్టడం మంచిది. డ్యూక్ సోదరులు వాలెంటైన్‌ను కూర్చోబెట్టి సరుకులంటే ఏమిటో చెబుతూ, పంది మాంసం ఎందులో వాడతారో కూడా, అదేదో అతను ఎన్నడూ చూడనిదన్నట్టు, విడమరిచి చెబుతారు. అప్పుడు మర్ఫీ ఏమీ అనకుండా తల తిప్పి నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్లలోకి, చూస్తాడు. మా మిద్దె మీద అందరూ నవ్విన చోటు అదే. ఆ నవ్వు ఎవరి మీద అని అడిగితే, ఏమీ తెలియదనుకున్నవాడి మీద కాదు, తెలియదనుకున్నవారి మీద అని చూసినవారే చెబుతారు.

తర్వాత రైలు దృశ్యానికి రావాలి. అక్కడ విన్‌థోర్ప్ ముఖానికి నల్లరంగు పూసుకుని, జడల విగ్గు పెట్టుకుని, యాస మార్చి మాట్లాడతాడు. దీని మీద మాట్లాడేముందు, అమెరికాలో 1830ల నుంచి తెల్లజాతి నటులు ముఖాలకు మసి పూసుకుని నల్లజాతివారిని వెక్కిరిస్తూ ప్రదర్శనలు ఇచ్చేవారని, నల్లజాతివారిని విడిగా ఉంచిన తర్వాతి చట్టాలకు వచ్చిన ‘జిమ్ క్రో’ అన్న పేరు అలాంటి ఒక వేషానిదేనని చెప్పాలి. ఆ కాలంలో అంతే అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాటతో చర్చ ముగియనివ్వకూడదు. ఆ కాలంలోనూ నల్లజాతి ప్రేక్షకులు థియేటర్లో కూర్చునే ఉన్నారు కదా అని అడగాలి. నా మటుకు నాకు ఆ దృశ్యం ఈ చిత్రానికి అంటిన మచ్చే.

దానికి పక్కనే పెట్టి చూడవలసినది మరుగుదొడ్డి దృశ్యం. వాలెంటైన్ ఉద్యోగంలో రాణించడంతో పందెం తేలిపోతుంది, పుట్టుకే ముఖ్యమని వాదించిన సోదరుడు ఓడి రెండో సోదరుడికి డబ్బు ఇస్తాడు. ఆ పందెం ఒక్క డాలరు. అయినా నల్లవాడి చేతిలో తమ సంస్థను పెట్టబోమని, అతన్ని తిరిగి వీధిలోకి పంపాలని వారు మాట్లాడుకోవడం వాలెంటైన్ చాటు నుంచి వింటాడు. పరిసరాలే మనిషిని మారుస్తాయని కళ్లారా చూసినవారు కూడా మారలేదన్నది ఇక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క దృశ్యం మీద ఎంతసేపు మాట్లాడుకున్నా మాట్లాడనివ్వాలి.

ఇక్కడే మన కులం ప్రస్తావన వస్తుంది, రావాలి కూడా. కానీ వర్ణమంటే కులమేనని ఒక్క మాటలో తేల్చేయకుండా, ఏ దృశ్యం తమకు ఏ అనుభవాన్ని గుర్తు చేసిందో చెప్పమనాలి. చిన్నప్పుడు హోటల్ బయట వేరే గ్లాసులో టీ తాగిన సంగతి ఒకామె ఆ రోజు చెప్పారు. వాలెంటైన్ తగిలినందుకే విన్‌థోర్ప్ దొంగ దొంగ అని కేకలు వేసి, పోలీసులకు పట్టించిన దృశ్యం దగ్గర ఆమెకు నవ్వు రాలేదట.

మాట్లాడే వరుసలో, ఎప్పుడూ ముందు మాట్లాడేవారిని చివరకు ఉంచండి. నార్పల దగ్గర చీనీ తోట ఉన్న ఒక పెద్దాయన చాలాసేపు ఊరకే కూర్చుని, “ఇంతసేపు సూస్తి, ఆ కాయలు పండిచ్చినోడు ఒక్కడన్నా కనపడల్యా గదప్పా” అన్నారు. నేను ఈ చిత్రాన్ని అంతకుముందు నాలుగుసార్లు చూశాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన అన్నాక, చిత్రం సంపదను ప్రశ్నిస్తోందా, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుస్తోందా అన్న చర్చ గంటసేపు నడిచింది. వాలెంటైన్ సొంత ఇంట్లో విందు చేసుకుంటున్న పాత స్నేహితులను బయటికి పంపిన దృశ్యాన్ని అప్పుడు మళ్లీ వేసి చూశాము.

అభిప్రాయాలను మరుసటి రోజే శుభ్రంగా రాసుకోవాలి. ఎందరు మెచ్చారు, ఎందరు మెచ్చలేదు అని లెక్క కట్టడం వల్ల ఉపయోగం లేదు. ఏ దృశ్యం, ఎవరి మాట, ఆ మాటకు కారణం అన్న క్రమంలో రాసి, మాట్లాడినవారి భాషను వారి యాసలోనే ఉంచి, ఒకరికొకరు ఒప్పుకోని చోట రెండు మాటలనూ పక్కపక్కనే పెట్టాలి. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, మార్చమన్నది మార్చిన తర్వాతే దాచుకోవాలి.