అత్తయ్య టికెట్ మూడుసార్లు మరిచిపోయాక

అత్తయ్యకి రాజమండ్రి నుంచి రైలు టికెట్ తియ్యమని మా ఆయన చెప్పి నాలుగు రోజులైంది. మూడుసార్లు మరిచిపోయాను. పాలవాడి లెక్క మాత్రం పైసలతో సహా గుర్తుంది! ఇలాంటి మరుపు ఊరికే రాదని వియన్నాలోని మనసు వైద్యుడు ఫ్రాయిడ్ 1901లోనే రాశాడు. అందుకని మీరూ ముందు మరుపునే పట్టుకోండి.

కాగితం తీసుకుని లోపలి గొంతుల్ని విడివిడిగా రాయండి. నా కాగితం మీద మొదటి వాక్యం: "ఈ వేసవైనా నన్ను వదిలెయ్యండి." దాని కిందే: "సిగ్గు లేదూ, పెద్దావిడ!" ఈ రెండోది అచ్చం మా అమ్మ గొంతు, ఆ దీర్ఘంతో సహా. 1923లో ఫ్రాయిడ్ మొదటిదానికి 'అది' అని, రెండోదానికి 'పై-నేను' అని పేర్లు పెట్టాడు. ఇడ్, సూపర్ ఈగో అంటే ఇవే. మధ్యలో నలిగేది 'నేను', ఈగో. మనం ఈగో అంటే పొగరనుకుంటాం, ఇక్కడ ఆ అర్థం కాదు.

రాసింది దిద్దకండి. కొట్టేయాలనిపించిన వాక్యం దగ్గరే కాసేపు ఆగండి. ఆ మాట మొదట ఎవరి నోట విన్నారో పక్కన రాయండి. (రోజుల తరబడి నిద్ర పట్టకపోతే కాగితం చాలదు, డాక్టర్ని కలవండి.)

ఆ తర్వాత ఈగో చేసేది బేరం. నేను టికెట్ తీశాను. పదిహేను రోజులకి, తిరుగు ప్రయాణంతో కలిపి.